ఎదురుగాలికి వంకర దారి

తెరచాప పడవల పందెం గాలితో ఆడే ఆట. పడవకు ఇంజను ఉండదు, తెడ్డు ఉండదు. ఒక కొయ్య, దానికి కట్టిన గుడ్డ, వెనక చుక్కాని, కింద నీటిలోకి దిగిన ఒక పలక, చేతిలో తాడు. సరంజామా అంతా ఇంతే. పందెం మాత్రం గాలి ఎటు నుంచి వస్తోందో అటు వైపే మొదలవుతుంది. గమ్యం ఎదురుగాలిలో ఉంటుంది, నేరుగా పోవడం ఏ పడవకూ సాధ్యం కాదు. ఈ చిక్కులోంచే ఆటంతా పుట్టింది.

తెలుగులో ‘గాలివాటం’ అన్న మాటకు పెద్ద మర్యాద లేదు. గాలి ఎటు వీస్తే అటు పోయే మనిషిని అలా అంటారు. పడవవాళ్ల లెక్కలోనూ గాలివాటున పోవడం పెద్ద విద్య కాదు, ఎండుటాకు కూడా ఆ పని చేస్తుంది. గాలిని ఎదిరించడమూ విద్య కాదు. గాలికి కొంచెం ఏటవాలుగా నిలబడి, దాని బలాన్నే తీసుకుని, అది వచ్చిన దిక్కుకే మెల్లగా ఎగబాకడం విద్య. సెయిలింగ్ క్లబ్బులన్నీ పిల్లలకు మొదటి రోజు నుంచి నేర్పేది ఇదే.

ఇందులో మాయ ఏమీ లేదు. తడిసిన చింతపిక్కను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే అది ముందుకు జారి ఎగురుతుంది. వేళ్లు నొక్కింది పక్కల నుంచి, పిక్క పోయింది ముందుకు. తెరచాపను ఒక వైపు నుంచి గాలి నొక్కుతుంది. నీటిలో దిగిన పలకను రెండో వైపు నుంచి నీరు అడ్డుకుంటుంది. రెండింటి మధ్య ఇరుకున పడ్డ పడవ ముందుకు జారుతుంది. బిగిసి వంపు తిరిగిన తెరచాప విమానం రెక్కలా కూడా పనిచేస్తుంది. దాని వెలుపలి వంపు మీదుగా గాలి వేగంగా పారి, పడవను అటు లాగుతుంది. ఇంత చేసినా గాలి దిక్కుకు సుమారు 45 డిగ్రీల లోపలికి పడవ పోలేదు. అందుకే కొంత దూరం కుడికి, కొంత దూరం ఎడమకు, ఘాట్ రోడ్డు మలుపుల్లా వంకరటింకరగా పైకి పోవాలి. ప్రతి మలుపులో పడవ ముక్కు గాలిని దాటుతుంది, తెరచాప ఇటు నుంచి అటు మారుతుంది, నడిపేవాడు తలవంచి రెండో అంచుకు దూకుతాడు. దీన్ని ట్యాక్ అంటారు.

గాలిని చదవడం సముద్రం ఒడ్డువాళ్ల సొత్తే అనుకోవడం పొరపాటు. కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉంటుంది. రాతకోతలు కన్నడంలో, ఇంటి మాటలు ఎక్కువగా తెలుగులో సాగే మెట్ట సీమ అది. అక్కడ సెయిలింగ్ క్లబ్బు లేదు, పడవ పందెం లేదు. కానీ కళ్లంలో చేట పట్టుకుని పీట మీద నిలబడే రైతుకు గాలి గురించి చెప్పనక్కర్లేదు. తూర్పారబట్టే ముందు పిడికెడు పొట్టు విడిచి గాలి వాలు చూసుకుంటాడు. పడవ నడిపేవాడు తెరచాపకు ఉన్నిదారాలు అతికించి, అవి ఎలా ఎగురుతున్నాయో చూసి అదే సంగతి తెలుసుకుంటాడు. కొర్రచేను మీద గాలి అలలా పాకి వచ్చేది దూరం నుంచే కనిపిస్తుంది. చెరువు నీటి మీద గాలి జోరు నల్లని మరకలా పాకి వస్తుంది. ఆ మరక తన దగ్గరికి చేరే లోపే పడవవాడు తాడు సవరించుకుంటాడు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న సామెత ఇద్దరికీ సరిపోతుంది.

తెలుగు నేలకు తెరచాప కొత్తది కాదు. క్రీస్తుశకం 2వ శతాబ్దానికి చెందిన శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకానికి సంబంధించినది. అంతకు ముందు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి వచ్చిన వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం మాట ఇచ్చింది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడ్డ రేవు. ఆ తెరచాపలన్నీ బతుకుతెరువు కోసం ఎత్తినవి. సరదా కోసం ఎత్తి, గెలుపోటములు లెక్కపెట్టుకోవడం తర్వాతి కాలపు సంగతి.

పందేల సమాహారానికి వాడే రెగట్టా అన్న మాట వెనిస్ నగరం నుంచి వచ్చింది. మన దేశానికి ఈ ఆట ఆంగ్లేయుల వెంట వచ్చింది. రాయల్ బాంబే యాట్ క్లబ్బు 1846 నాటిది, రాయల్ మద్రాస్ యాట్ క్లబ్బు 1911 నాటిది. రెండూ సముద్రం ఒడ్డువే. విశేషమేమంటే, దేశంలో పేరున్న శిక్షణ కేంద్రాలు కొన్ని సముద్రం కనుచూపు మేరలో లేని చెరువుల మీద వెలిశాయి. భోపాల్ పెద్ద చెరువు మీద ఒకటి, బెంగళూరు హలసూరు చెరువు మీద మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ సైనికులది ఒకటి, హైదరాబాద్ హుస్సేన్ సాగర్ మీద మరికొన్ని. తెలుగువాళ్ల సెయిలింగ్ గురించి మాట్లాడితే చివరి పేరు దగ్గరే ఆగాలి.

హుస్సేన్ సాగర్‌ను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్వించారు. తాగునీటికీ సాగునీటికీ మూసీ నుంచి కాలువ తెచ్చి నింపిన చెరువు అది. తర్వాత కట్ట ఒక వైపు హైదరాబాద్, మరో వైపు సికింద్రాబాద్ పెరిగాయి. కట్ట ట్యాంక్‌బండ్ అయింది. సికింద్రాబాద్ దండులోని అధికారుల వల్ల నీటి మీద తెరచాపలు లేచాయి. సికింద్రాబాద్ క్లబ్బుకు ఇప్పటికీ చెరువు ఒడ్డున సెయిలింగ్ విభాగం ఉంది. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ చాలా కాలంగా ఇక్కడే సాధన చేయిస్తోంది. 1980ల నుంచి జరుగుతూ వస్తున్న హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు దేశంలోని లేజర్ అనే ఒంటరి పడవ నడిపేవాళ్లు వస్తారు. 2009లో మొదలైన హైదరాబాద్ యాట్ క్లబ్బు సంజీవయ్య పార్కు వైపు ఒడ్డున ఉంది. అది పిల్లల కోసం నడిపే మాన్‌సూన్ రెగట్టా ఏటా వానాకాలంలో జరుగుతుంది.

వానాకాలాన్ని ఎంచుకోవడానికి కారణం వాన కాదు, గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు దక్కన్ పీఠభూమి మీద పడమటి నుంచి నిలకడగా వీస్తాయి. హుస్సేన్ సాగర్‌కు పందేలు తెచ్చే ఆ గాలే పావగడ మీదుగానూ పోతుంది. అయితే పడమటి కనుమలు దాని తడిని చాలావరకు ముందే పిండేసుకుంటాయి. కనుమల చాటున ఉన్న పావగడకు జూన్, జూలైల్లో ఎక్కువగా మిగిలేది వట్టి గాలి. చెప్పుకోదగ్గ వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో పడాలి. పక్కనున్న చిత్రదుర్గం గుట్టల మీద గాలిమరలు బారులు తీరింది ఈ గాలిని నమ్ముకునే. ఒకే ఋతువు ఒక ఊరికి తెరచాపను ఉబ్బిస్తుంది, ఇంకో ఊరి రైతు చేత ఆకాశం వైపు చూపిస్తుంది.

హుస్సేన్ సాగర్ గాలి బుద్ధిగా వీచే గాలి కాదు. చుట్టూ ఊరు లేచింది, ఎత్తయిన కట్టడాలు లేచాయి. వాటి సందుల్లోంచి దూరి వచ్చే గాలి ఒక నిమిషం జోరుగా, మరో నిమిషం సోమరిగా ఉంటుంది, చెప్పకుండా దిక్కు మారుస్తుంది. సముద్రంలో గంటసేపు ఒకే దిక్కున వీచే గాలికి అలవాటు పడ్డవాళ్లు ఇక్కడికి వచ్చి తికమకపడటం సహజం. నడుమ బండ మీద నిలబెట్టిన బుద్ధ విగ్రహానికి కూడా ఈ చెరువుతో ఒక అనుభవం ఉంది. 1990 మార్చిలో తరలిస్తుండగా ఆ ఏకశిలా విగ్రహం నీట మునిగింది. తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. మునగడం ఈ చెరువులో అవమానం కాదు. పడవ నేర్చుకునే ప్రతి పిల్లవాడూ ముందు బోల్తా కొట్టడమే నేర్చుకుంటాడు. తిరగబడ్డ పడవ పలక మీద ఎక్కి నిలబడి, ఒంటి బరువుతో దాన్ని నిలువుగా లేపి, మళ్లీ లోపలికి పాకడం వచ్చేదాకా అతన్ని పందెంలోకి దించరు.

క్లబ్బుల్లో చిన్నవాళ్ల పడవ ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల వడ్రంగి, పిల్లల కోసం ప్లైవుడ్ పలకలతో తక్కువ ఖర్చులో అయ్యేలా దీన్ని గీశాడు. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ముక్కు కోసేసినట్టు చదరంగా ఉండి, చూడటానికి నీళ్ల తొట్టిలా కనిపిస్తుంది. పదిహేనేళ్ల దాకా పిల్లలు ఇందులో పందేలకు దిగుతారు. తర్వాతి మెట్టు లేజర్. బ్రూస్ కిర్బీ రూపొందించిన ఈ ఒంటరి పడవ 1971లో బజారుకు వచ్చింది, 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఇప్పుడు దాని పేరు ఐఎల్‌సీఏ. పొడవు 4.2 మీటర్లు. పడవ ఒకటే, తెరచాపలు మూడు కొలతలవి. పూర్తి బరువు ఉన్న మగవాళ్లకు 7.06 చదరపు మీటర్లది, ఆడవాళ్లకు 5.76ది, ఎదిగే పిల్లలకు 4.7ది. ఇద్దరు కలిసి నడిపే 470 పడవ పేరు దాని పొడవు సెంటీమీటర్లలో. 2024 పారిస్ ఒలింపిక్స్ నుంచి అందులో ఒక మగ, ఒక ఆడ కలిసి పోటీ చేస్తున్నారు. హైదరాబాద్ యాట్ క్లబ్బులో సాధన చేసిన ప్రీతి కొంగర 2023 ఆసియా క్రీడల్లో ఈ తరగతిలోనే దేశం తరఫున దిగింది.

అందరివీ ఒకే కొలత పడవలు కావడం వల్ల ఓడినవాడికి పడవను తిట్టుకునే వీలు తక్కువ. డబ్బున్నవాడు నున్నటి పడవ కొనుక్కుని గెలిచే దారిని ఈ పద్ధతి చాలావరకు మూసేసింది. మిగిలేది మనిషి, గాలి.

పందెం మొదలు ఈ ఆటలో అన్నిటికన్నా చిత్రమైన ఘట్టం. పరుగు పందెంలోలా గీత దగ్గర కదలకుండా నిలబడటం కుదరదు, పడవకు బ్రేకులు లేవు. న్యాయనిర్ణేతల పడవ కొయ్యకూ, కొంత దూరంలో తేలే గుర్తుకూ మధ్య ఊహలో గీసుకున్న గీత ఉంటుంది. అయిదు నిమిషాల ముందు పోటీపడే పడవల తరగతి జెండా ఎగురుతుంది. నాలుగు నిమిషాలు ఉన్నాయనగా నీలం రంగులో తెల్ల చదరం ఉన్న జెండా లేస్తుంది. ఒక నిమిషం ఉందనగా అది దిగుతుంది. తరగతి జెండా దిగిన క్షణంలో పందెం మొదలు. ప్రతి జెండాతోపాటు ఈల గానీ బూర గానీ మోగుతుంది, కానీ లెక్క జెండాదే. చప్పుడు సెకనుకు 340 మీటర్లే పోతుంది. గీత రెండో చివర ఉన్నవాడికి అది ఆలస్యంగా చేరుతుంది, చూపు చేరడానికి ఆలస్యం లేదు.

ఆ అయిదు నిమిషాలూ ముప్ఫై నలభై పడవలు గీత వెనక సంతలో ఎడ్లబళ్లలా మెలికలు తిరుగుతుంటాయి. జెండా దిగే క్షణానికి పూర్తి వేగంతో, గీతకు గోరంత వెనక ఉండాలని ప్రతివాడి ఆరాటం. తొందరపడి ముందే దాటినవాడు వెనక్కి వచ్చి మళ్లీ దాటాలి. తెల్లని గుడ్డ మీద నీలం సిలువ ఉన్న జెండా అతని కోసమే లేస్తుంది. మంద మొత్తం తొందరపడితే అందరినీ వెనక్కి పిలిచి మళ్లీ మొదలుపెడతారు. గాలే లేకపోతే ఎరుపు తెలుపు చారల జెండా ఎగరేసి వాయిదా వేస్తారు. అప్పుడు పడవలు నీటి మీద బొమ్మల్లా నిలిచిపోతాయి. పిల్లలు తెరచాప నీడన కబుర్లలో పడతారు. వాయిదా జెండా గంటల తరబడి ఎగిరిన రోజులు ప్రతి క్లబ్బుకూ ఉంటాయి. మబ్బు కోసం ఎదురుచూసినట్టే గాలి కోసం ఎదురుచూడాలి, గొణిగితే వచ్చేది కాదు.

మొదలయ్యాక పడవలు ఎదురుగాలిలో ఉన్న గుర్తు వైపు పోతాయి. మొదటి చిక్కు అక్కడే: కుడికి పోవాలా, ఎడమకు పోవాలా? రెండు దారులూ ఆ గుర్తుకే చేరుస్తాయి. ఏ వైపు గాలి ఎక్కువ, అది ఎటు మలుపు తిరుగుతుంది అన్నదే పందెం. దగ్గరి దారి అన్నది ముందుగా ఎక్కడా గీసి ఉండదు, గాలి మారినప్పుడల్లా అది కూడా మారుతుంది. మంద పోయిన వైపు పోతే మందతోనే మిగులుతాడు. ఒంటరిగా రెండో వైపు పోతే గెలుస్తాడు, లేదా అందరికన్నా వెనకబడతాడు. గుర్తు చుట్టి వెనక్కి వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. అప్పుడు వెనకవాడి తెరచాప ముందువాడి గాలిని కాజేస్తుంది. అందుకే వాలుగాలిలో ముందున్నవాడే ఎక్కువ భయపడాలి.

రోడ్డు మీద లాగే నీటి మీద కూడా దారి హక్కులు ఉన్నాయి. రెండు పడవలు ఎదురుపడితే, కుడి వైపు నుంచి గాలి తగిలేదానికి దారి, ఎడమ వైపు నుంచి తగిలేది తప్పుకోవాలి. రెండూ ఒకే వైపు గాలితో పోతుంటే గాలికి ఎగువన ఉన్నది తప్పుకోవాలి, దిగువన ఉన్నదానిదే హక్కు. ఎగువవాడు గాలిని ముందే తీసేసుకున్నాడు కదా, తప్పుకునే భారం కూడా అతనిదే. కాలువ నీటి పంపకంలో ఆయకట్టు చివరి రైతు అడిగే న్యాయం ఇలాంటిదే. అక్కడ అడగాలి, ఇక్కడ నియమమే ఇచ్చేసింది. ఈ నియమాల పుస్తకాన్ని వరల్డ్ సెయిలింగ్ సంస్థ నాలుగేళ్లకోసారి సవరిస్తుంది.

నియమం తప్పితే ఈల ఊది ఆపేవాడు చాలా పందేల్లో పక్కన ఉండడు. తప్పు చేసినవాడే ఒప్పుకుని, పడవను రెండు చుట్లు తిప్పి శిక్ష తానే వేసుకోవాలి. గుర్తుకు పడవ తగిలితే ఒక చుట్టు. పందెం మధ్యలో ఒంటరిగా గిరికీలు కొట్టే పడవ ఒడ్డున ఉన్నవాళ్లకు వింతగా కనిపిస్తుంది, తెలిసినవాళ్లు దాన్ని గౌరవంగా చూస్తారు. ఒప్పుకోకపోతే అవతలివాడు ‘ప్రొటెస్ట్’ అని అరుస్తాడు. సాయంత్రం ఒడ్డున విచారణ జరుగుతుంది. బల్ల మీద చిన్న బొమ్మ పడవలు పెట్టి, గాలి ఎటు, నువ్వెక్కడ, వాడెక్కడ అని రచ్చబండ తీరులో తేలుస్తారు. పన్నెండేళ్ల పిల్లలు కూడా సాక్షుల్ని పిలిచి వాదించుకుంటారు. తీర్పు వచ్చాక కలిసే పడవలు మోసుకుంటారు.

నియమాల్లో మొట్టమొదటిది గెలుపు గురించి కాదు. ఆపదలో ఉన్నవాళ్లకు చేతనైన సాయమంతా చేయాలన్నది అది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పడవ పందేలు పుసాన్ తీరంలో జరిగాయి. కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ ఒక పందెంలో రెండో స్థానంలో పోతున్నాడు. పెనుగాలికి బోల్తా పడ్డ వేరే తరగతి పడవలోని ఇద్దరు సింగపూర్ నావికులు కనిపించారు. తన పందెం వదిలేసి వాళ్లను కాపాడి, రక్షణ పడవకు అప్పగించి, అప్పుడు మళ్లీ బయలుదేరాడు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో అతనికి రెండో స్థానమే ఇచ్చారు. ఒలింపిక్ సంఘం పియర్ ద కూబెర్తాఁ పతకంతో గౌరవించింది. ఓడ పగిలి వచ్చినవాడిని దోచుకోరాదని మోటుపల్లి రాతి మీద చెక్కించినవాడికి ఈ నియమం కొత్తగా అనిపించేది కాదు.

క్లబ్బు వార్తల్లో అందరూ ముందు వెతికేది ఫలితాల పట్టిక. ఇక్కడ లెక్క తలకిందులు, తక్కువ మార్కులవాడే గెలుస్తాడు. మొదటివాడికి 1, రెండోవాడికి 2, పదోవాడికి 10. ముగించనివాడికి మొత్తం పడవల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ. పందేలు తగినన్ని జరిగితే ప్రతివాడి లెక్కలోంచి అతి చెడ్డ పందెం ఒకటి తీసేస్తారు. ఒకడు ఆరు పందేల్లో నాలుగింట మొదటివాడై, మిగతా రెండింట 12, 10 తెచ్చుకున్నాడనుకుంటే, 12 తీసేశాక అతనికి 14 మిగులుతాయి. ఒక్క పందెం కూడా గెలవకుండా 3, 2, 4, 3, 2, 3 తెచ్చుకున్నవాడికి 4 తీసేశాక 13. విజేత ఇతనే. మెరుపుల కన్నా నిలకడకు ఎక్కువ విలువ ఇచ్చే లెక్క ఇది. పైగా ఒక చెడ్డ రోజును మన్నించే లెక్క. అయిదేళ్లలో ఒక కరువు ఏడాదిని ఇలాగే పద్దులోంచి కొట్టేసే వీలుంటే పావగడ రైతుల బ్యాంకు పుస్తకాలు వేరేగా ఉండేవి.

ఈ లెక్కకు మంచి ఉదాహరణ నేహా ఠాకూర్. మధ్యప్రదేశ్‌లో సముద్రం ఎరగని దేవాస్ జిల్లాకు చెందిన రైతు బిడ్డ. భోపాల్ చెరువులో నేర్చుకుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బాలికల ఐఎల్‌సీఏ 4 తరగతిలో 11 పందేలు జరిగాయి. ఆమె మొత్తం 32. అతి చెడ్డ ఫలితం అయిదో స్థానం. అది తీసేస్తే 27, వెండి పతకం. కంచు గెలుచుకున్న సింగపూర్ అమ్మాయికి 28. పదకొండు పందేల తర్వాత మిగిలిన తేడా ఒక్కటి. ఏదో ఒక పందెంలో, ఏదో ఒక మలుపులో, గాలి మరకను ఒక క్షణం ముందు చూడటం వల్ల వచ్చే తేడా అది.

ఫలితాల పట్టిక కింద ఉండే వార్తలు అంత మెరిసేవి కావు. వచ్చే ఆదివారం పందెం వేళ, రక్షణ పడవ నడిపే వంతు ఎవరిది, చిరిగిన తెరచాపకు కుట్టు, ఒడ్డు శుభ్రం చేసే రోజు, కొత్త పిల్లల శిక్షణ. చెరువు క్లబ్బుకు వీటితో పాటు చెరువు వార్త కూడా కావాలి. నీటిమట్టం ఎంత, గుర్రపుడెక్క ఏ మూలకు చేరింది, నీటి రంగు ఎలా ఉంది. హుస్సేన్ సాగర్‌లోకి దశాబ్దాలుగా ఊరి మురుగు చేరింది. గుర్రపుడెక్క పలకకు చుట్టుకుంటే ఎంత మొనగాడి పడవైనా నిలిచిపోతుంది. నీటి మీద ఆడేవాడికి నీటి ఆరోగ్యం పుస్తకాల్లో చదివే సంగతి కాదు. బోల్తా పడ్డ ప్రతిసారీ నోట్లోకి వచ్చే సంగతి.

ఈ ఆట ఒకప్పుడు దండు అధికారులది, కలవారిది. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇప్పుడు చుట్టుపక్కల బస్తీల పిల్లలు, గురుకుల పాఠశాలల పిల్లలు ఆప్టిమిస్ట్ ఎక్కుతున్నారు. అంతకు ముందు వాళ్లకు చెరువు అంటే వినాయక నిమజ్జనం. పడవ ఎక్కిన మరుక్షణం నుంచి ఒంటరిగా ఒక యంత్రానికి వాళ్లే యజమానులు. పక్కన అమ్మ లేదు, మాస్టారు లేరు. ఎటు తిప్పాలో అడగడానికి గాలి తప్ప ఎవరూ ఉండరు.

ఊరి తీరంలో, చెరువులో మొదలైన చదువు ఎంత దూరం పోతుందో చెప్పడానికి రెండు పడవల పేర్లు చాలు. భారత నౌకాదళ తెరచాప పడవ తరిణి 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, 254 రోజుల్లో భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చింది. అందులో ఉన్న ఆరుగురు మహిళా అధికారుల్లో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. సుమారు 21,600 నాటికల్ మైళ్ల దూరం అది. అంతకు మూడు దశాబ్దాల ముందు, 1985-87 మధ్య, సైన్యపు ఇంజినీర్ల దళం మన దేశం నుంచి మొదటిసారి తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి వచ్చింది. ఆ పడవ పేరు తృష్ణ, అంటే దాహం. బెంగళూరు హలసూరు చెరువు మీది సైనికుల సెయిలింగ్ క్లబ్బుకు కూడా ఆ పేరే.

దాహం అన్న మాట పావగడలో అలంకారం కాదు. ఫ్లోరైడు కలిసిన బోరునీళ్లతో తరాలు గడిపిన తాలూకా అది. నాగలమడిక దగ్గర ఉత్తర పినాకినికి కట్టిన ఆనకట్ట నిండితే జనం బండ్లు కట్టుకుని చూడటానికి పోతారు. చెరువు మరువ పారితే గంగపూజ చేస్తారు. నీరు నిండిన చోట సరదా పుట్టకముందే మొక్కు పుడుతుంది. వాన నిలకడగా ఇవ్వని ఆకాశం నుంచి ఈ నేల వేరే పంట తీసుకుంది. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వెలిసింది. మొదటి విడత 2018 మార్చిలో మొదలైంది. రైతులు భూమి అమ్మలేదు, మొదట ఎకరాకు ఏటా 21,000 రూపాయల చొప్పున కౌలుకు ఇచ్చారు. మైళ్ల కొద్దీ బారులు తీరిన నీలి పలకలు దూరం నుంచి నిండు చెరువులా మెరుస్తాయి. ఎండకు కోణం చూసి పలకను వాల్చడం, గాలికి కోణం చూసి తెరచాపను వాల్చడం ఒకే జాతి తెలివి. రాని వానతో పోట్లాడకుండా, వచ్చే ఎండకు ఏటవాలుగా నిలబడటం.

పందెం రోజు గెలిచిన పడవ గీత దాటడంతో ముగియదు. చివరివాడు కూడా దాటాలి, లేదా గడువు తీరాలి. పడవలను ఒడ్డుకు లాగి, మంచినీటితో కడిగి, తెరచాపలు ఆరబెట్టి చుట్టాలి. పందెం నడిపేవాళ్లకు మిగిలే ఆఖరి పని మరొకటి. పొద్దున నీటిలోకి దిగేటప్పుడు ప్రతి నావికుడూ సంతకం పెట్టి వెళతాడు. తిరిగి వచ్చాక మళ్లీ పెట్టాలి. మరచినవాడికి శిక్షగా పాయింట్లు కలుపుతారు. రెండు వరుసల సంతకాలూ సరిపోయేదాకా రక్షణ పడవ ఒడ్డెక్కదు, జెండాలు మడవరు, బహుమతుల మాట ఎత్తరు. పావగడ గుట్టల కింద గొర్రెల కాపరి పొద్దుగూకే వేళ దొడ్డి తడిక దగ్గర నిలబడి ఒక్కొక్క దాన్నీ లెక్కపెట్టి లోపలికి విడుస్తాడు. ఏది ముందు మేసింది, ఏది బాగా మేసింది అన్నది అప్పుడు అడగడు. లెక్క సరిపోయాక తడిక వేస్తాడు.